ఓటీపీ పెద్దన్నతో వలస పోయింది

పోస్టు కొంచెం పొడుగే, ఓపిక చేసి చదవండి.

సెలవులకి ఊరెళ్తే హాస్టల్ పిల్లలకి ఏం పని పడుతుందో మనందరికీ తెలుసు. బ్యాగు దించకముందే ఎవరో ఒకరు ఆధార్, పాస్‌బుక్, జాబ్‌కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పట్టుకొస్తారు. "బాబూ, ఇది కాస్త సూడరా." మేం నలుగురం, నాలుగు ఊళ్ళవాళ్ళం, అందరం ఏజెన్సీ వాళ్ళమే. మొన్న సంక్రాంతి సెలవులయ్యాక రూములో కూర్చుని మాట్లాడుకుంటే తేలిందేంటంటే, నలుగురం చేసింది ఒకటే పని. ఫోనుకీ మనవాళ్ళకీ మధ్య నిలబడ్డం.

ఎక్కువ తిప్పలు పెట్టింది ఓటీపీ. ఒక ఇంటి సంగతి చెప్తాం. ఇంట్లో ఆరుగురు, ఫోను ఒక్కటే, అది పెద్దన్నది. అందరి ఆధార్‌కీ ఆ నంబరే ఇచ్చారు, ఇంకో నంబరు లేదు మరి. కోతలయ్యాక పెద్దన్న చెన్నైలో బిల్డింగు పనికి వెళ్ళాడు. ఫోను ఆయన జేబులోనే వెళ్ళింది. ఇప్పుడు ఇక్కడ తల్లి పేరు మీద ఏం చేయాలన్నా ఓటీపీ చెన్నైలో మోగుతుంది. ఆయన సెంట్రింగు మీద ఉంటాడు, మేస్త్రీ ఫోను తియ్యనివ్వడు. కిందికి దిగి చూసి మాకు చెప్పాలి. మేమేమో సిగ్నల్ కోసం గుట్ట మీద చింతచెట్టు దగ్గర నిలబడి ఉంటాం. ఆయన నంబర్లు చదివేసరికి గడువు అయిపోతుంది. మూడు సాయంత్రాలు అలాగే పోయాయి. నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం టైముకి ఇద్దరం ముందే మాట్లాడుకుని పెట్టుకుంటే అయింది. ఆ తల్లి మూడు రోజులూ మాతోపాటు గుట్టెక్కింది, కూలి మానుకుని.

క్లాసులో ఈ మాట చెప్తే ఒకతను "ఇంకో ఫోను కొనుక్కోవచ్చుగా" అన్నాడు. ఆ మాట మాకు నచ్చలేదు. పదిమంది ఒక ఫోను వాడుకోవడం తెలివితక్కువ కాదు, మన ఇళ్ళల్లో డబ్బూ, పనీ అలా నడుస్తాయి. ఫోను చేసేవాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు కూడా. 2003లో వచ్చిన నోకియా 1100 గుర్తుందా? మన నాన్నల తరం ఫోను. టార్చిలైటు, దుమ్ము దూరని బటన్లు, చేతిలో జారని పక్కలు. చీకటి దారుల్లో నడిచేవాళ్ళని ఎవరో తలుచుకుని చేసినట్టే ఉంటుంది. 2007లో నోకియా 1200 వచ్చింది. అందులో ఒకే ఫోనులో ఐదు వేర్వేరు ఫోన్‌బుక్కులు పెట్టుకోవచ్చు, ఒక ఫోను ఇంటిల్లిపాదీ వాడుకుంటారని తెలిసి పెట్టిన ఏర్పాటు. అంత చవక ఫోనులో అప్పుడే కుదిరిన ఆలోచన ఈ యాపుల్లో మాకు కనపడటం లేదు. ఒక మనిషికి ఒక ఫోను, ఆ ఫోను ఎప్పుడూ ఆ మనిషి దగ్గరే, అన్నట్టు ఉంటాయి.

భాష సంగతి కూడా ఒక్క మాట. తెలుగు నొక్కితే "సమర్పించు", "ధృవీకరించు" అని వస్తాయి. ఇంట్లో కువి మాట్లాడి, సంతలో తెలుగు నేర్చుకున్న పెద్దాయనకి అవి ఎక్కడివి? నిజం చెప్పాలంటే "సబ్మిట్" అంటేనే మాకూ తొందరగా అర్థమవుతుంది.

ఇక వేళ్ళు. చింతపండు పిక్క తీసి, అడ్డాకులు కుట్టి, పసుపు తవ్వి మా అవ్వల వేళ్ళ గీతలు అరిగిపోయాయి. రేషన్ మెషిన్‌లో వేలు పెడితే సరిపోలలేదని వస్తుంది, అంతే. మరి ఏం చెయ్యాలో చెప్పదు. "నన్ను ఒగ్గేసింది రా మెసీను" అంది ఒకావిడ. వేలిముద్ర పడలేదని బియ్యం ఆపకూడదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకి రాసింది. అంటే దారి కాగితం మీద ఉంది, మేం చూసిన తెర మీద లేదు. వేలు పడనప్పుడే ఆ మాట తెర మీద రావాలి కదా. ఇంకోటి, చాలామందికి తెలీదు: పది వేళ్ళలో ఏది బాగా పడుతుందో చూసిపెట్టుకునే పద్ధతి ఆధార్‌లో ఉంది. బెస్ట్ ఫింగర్ డిటెక్షన్ అంటారు. ఈ అవ్వకి ప్రతిసారీ కుడి బొటనవేలే పెట్టించేవారు. మేం డీలర్ని అడిగి ఒక్కొక్కటే పెట్టిస్తే ఎడమచెయ్యి ఉంగరం వేలు పడింది. ఇప్పుడు ఆమె ఆ వేలికి దారం కట్టుకుని వస్తోంది, గుర్తుకి.

మారవు అని అనలేం. ఉపాధి పని హాజరుకి ఎన్‌ఎంఎంఎస్ యాప్ 2021లో తెచ్చి, 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. రోజుకి రెండు ఫోటోలు ఎక్కించాల్సి వచ్చేది. సిగ్నల్ లేని కొండ మీద మేట్ అక్కలు ఎంత అవస్థ పడ్డారో మీ ఊళ్ళోనూ చూసే ఉంటారు. తర్వాత దాన్ని మార్చారు. మొదటి ఫోటో, హాజరు సిగ్నల్ లేకుండానే తీసుకుని, నెట్‌వర్క్ దొరికాక పంపేలా చేశారు. అంటే చెప్తే మారుతుంది, కానీ ఎవరో ఒకరు చెప్పాలి, ఫలానా చోట ఇలా ఆగిపోయిందని.

మాలో ఒకతను బీఎస్సీ కంప్యూటర్స్. ఈసారి ప్రాజెక్టుకి ఇదే తీసుకుంటానంటున్నాడు. అందుకే మేం నలుగురం ఒక నోటుబుక్కు పెట్టాం. ఏ యాప్, ఏ తెర దగ్గర ఆగింది, ఆ టైములో ఫోను ఎవరి దగ్గరుంది, ఎంత దూరం నడిచారు, చివరికి ఎవరు చేసిపెట్టారు, అన్నీ రాస్తున్నాం. మీ ఊరివి కూడా రాసి పంపండి. పేర్లు, ఆధార్ నంబర్లు మాత్రం వద్దు. ఆఖరి ప్రశ్న, ఎవరు చేసిపెట్టారన్నది, వదలకండి. ఇప్పటిదాకా పంతొమ్మిది రాశాం, పదిహేనింటికి జవాబు "హాస్టల్ నుంచి వచ్చిన పిల్లలు" అనే ఉంది.