పిలిస్తే వచ్చే డేగలు!

ఆస్పత్రి హాల్లో వరసగా కుర్చీలు... వాటికి ఎదురుగా పచ్చగడ్డి లాంటి తివాచీ చుట్టిన పొడవాటి కమ్మీలు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు పేషెంట్లు కారు, వెంట వచ్చినవాళ్లు. పేషెంట్లేమో కమ్మీల మీదున్నాయి... కళ్లకు తోలుటోపీలు పెట్టుకుని, ఉలుకూ పలుకూ లేకుండా, బుద్ధిగా! అబుదాబి విమానాశ్రయానికి దగ్గర్లోని డేగల ఆస్పత్రిలో రోజూ కనిపించే దృశ్యమిది. 1999లో మొదలైన ఈ ఆస్పత్రికి ఏటా 11 వేలకు పైగా డేగలు వైద్యానికి వస్తుంటాయి.

ఒక పక్షికి ఇంత వైభోగమా అనిపిస్తుంది. గల్ఫ్ అరబ్బులకు డేగ ఇంట్లో మనిషి కిందే లెక్క. కరీంనగర్ నుంచో కడప నుంచో కోనసీమ నుంచో అక్కడికి వెళ్లి పనిచేసేవాళ్లకు ఈ ముచ్చట కొత్తకాదు. ఆ మాటకొస్తే మనకీ కొత్తకాదు. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరులోని 'సాళువ' అంటే వేటడేగే మరి!

రెక్కలు కత్తిరించరు

పిలిస్తే వచ్చే పక్షి అనగానే మనకు గుర్తొచ్చేది చిలకజోస్యం. జోస్యుడు పిలవగానే పంజరంలోంచి బయటికొచ్చి, ఒక కార్డు తీసి, మళ్లీ లోపలికెళ్లిపోతుంది చిలక. అది ఎగిరిపోకుండా రెక్కలు కత్తిరిస్తుంటారు. పైగా మనదేశపు చిలకల్ని పంజరంలో పెట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

డేగ విషయం పూర్తిగా వేరు. దాని రెక్కలో ఒక్క ఈక విరిగినా పనికిరాదు. వేటలో గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో కిందికి దూసుకొచ్చే 'షాహీన్' డేగని ఆకాశంలోకి వదిలేసి మళ్లీ వెనక్కి పిలవాలి. రాకపోతే చేయగలిగిందేమీ లేదు. ఎలా వస్తుందది?

ఆకలే మంత్రం

కుక్క యజమానిని చూసి తోకాడిస్తుంది. ఏనుగు మావటి మాట వింటుంది. డేగ ఒంటరి జీవి. మనిషి మెప్పు దానికి అక్కర్లేదు. కోప్పడితే బెదిరిపోతుంది. కొడితే ఇంకెప్పుడూ దగ్గరికి రాదు. అందుకే శిక్షకుడి చేతిలో ఉండే సాధనాలు రెండే- ఓపిక, మాంసం ముక్క.

మొదటి పని మనిషంటే భయం పోగొట్టడం. కొత్త డేగ కళ్లకు 'బుర్కా' అనే తోలుటోపీ పెడతారు. చుట్టూ ఏం జరుగుతోందో కనిపించకపోతే అది ప్రశాంతంగా ఉంటుంది. గోళ్లు దిగకుండా చేతికి 'మంగలా' అనే దళసరి తొడుగు వేసుకుని, దాన్ని గంటల తరబడి మోస్తూనే ఉంటాడు శిక్షకుడు. నలుగురూ చేరి కబుర్లు చెప్పుకునే 'మజ్లిస్'కీ తీసుకెళ్తాడు. మాటలూ నవ్వులూ కాఫీకప్పుల చప్పుడూ అలవాటయ్యేకొద్దీ టోపీ తీసి ఉంచే సమయం పెరుగుతుంది.

ఆ తర్వాత పిలుపు. ప్రతి డేగకీ ఓ పేరుంటుంది. తిండి పెట్టేటప్పుడల్లా అదే పేరుతో పిలుస్తారు. ముందు చేతిమీదే కూర్చోబెట్టి తినిపిస్తారు. తర్వాత దిమ్మె మీంచి చేతిమీదికి దూకితేనే ముక్క దొరుకుతుంది. ఆపైన పొడవాటి తాడు కట్టి, దూరాన్ని రోజురోజుకీ పెంచుకుంటూ పోతారు. మరోపక్క 'తిల్వా' అలవాటు చేస్తారు. ఇది పక్షి రెక్కల్ని కట్టగా కట్టిన ఎర. దాన్ని తాడుతో గిరగిరా తిప్పితే ఎంతో దూరం నుంచి కూడా డేగ కంట్లో పడుతుంది.

ఈ మొత్తం వ్యవహారంలో కీలకం తక్కెడ. డేగని రోజూ తూస్తారు. కడుపు నిండితే పిలిచినా పలకదు, ఏ గుట్టమీదో కూర్చుండిపోతుంది. ఆకలితో మరీ మాడితే జబ్బు పడుతుంది. ఈ రెండిటి మధ్యా ఆ పక్షికి సరిపడే బరువెంతో కనిపెట్టడమే శిక్షకుడి అనుభవం.

ఇక తాడు విప్పే రోజు... ఎంత చేయితిరిగినవాడికైనా గుండె దడదడలాడాల్సిందే. ఇప్పుడు వీపు మీదో తోక దగ్గరో జీపీఎస్ పరికరం అమరుస్తున్నారు. పక్షి ఎక్కడుందో అది చెబుతుంది గానీ, వెనక్కి తీసుకురాదుగా!

ఈకకు ఈక... పాస్‌పోర్టు కూడా!

ఆస్పత్రిలో గోళ్లూ ముక్కూ కత్తిరించడం నుంచి శస్త్రచికిత్సల దాకా అన్నీ చేస్తారు. చూసి తీరాల్సింది మాత్రం ఈకల వైద్యం. రాలిన ఈకల్ని రంగూ పరిమాణాల వారీగా దాచి ఉంచుతారు. డేగ ఈక విరిగితే సరిగ్గా అలాంటిదే వెతికి, సన్నటి పుల్లతో, జిగురుతో అతికిస్తారు. కాసేపటికి అతుకెక్కడో కూడా తెలియదు.

దొంగరవాణాను అరికట్టేందుకు యూఏఈ ప్రభుత్వం 2002లో డేగలకు పాస్‌పోర్టులు ప్రవేశపెట్టింది. మూడేళ్లపాటు చెల్లే ఆ పుస్తకంలో ఫొటో ఉండదు, కాలి ఉంగరం మీది నంబరే గుర్తింపు. కొన్ని గల్ఫ్ విమానసంస్థలైతే డేగల్ని ప్రయాణికుల క్యాబిన్‌లోకే అనుమతిస్తున్నాయి.

ఆకాశానికి తిరిగివ్వడం

ఒకప్పుడు ఎడారి సంచారజాతుల బెదూయిన్లకు డేగ సరదా కాదు, కూడుపెట్టే నేస్తం. చలికాలానికి ముందు వలస వచ్చే డేగల్ని పట్టుకుని, కొద్దివారాల్లోనే తర్ఫీదిచ్చి, వాటితో కుందేళ్లనీ హుబారా పక్షుల్నీ వేటాడించేవారు. వేసవి ఎండల్లో వాటిని పోషించడం కష్టం. అందుకే వసంతంలో మళ్లీ వదిలేసేవారు. ఆ రాకపోకల లెక్క తర్వాతి కాలంలో తప్పింది. బలంగా ఉండే 'హుర్' డేగలకు గిరాకీ పెరిగి, వలల బారిన పడేవి ఎక్కువయ్యాయి. కరెంటు తీగలు తగిలి చనిపోయేవీ తక్కువేం కాదు. ఇప్పుడవి ప్రమాదం అంచునున్న పక్షుల జాబితాలో ఉన్నాయి.

ఆ ముప్పును ముందే గమనించిన యూఏఈ అధినేత షేక్ జాయెద్, 1976లోనే డేగల సంరక్షణపై అబుదాబిలో అంతర్జాతీయ సదస్సు పెట్టించారు. 1995లో ఆయన పేరుతో మొదలైన కార్యక్రమం కింద 2 వేలకు పైగా డేగల్ని తిరిగి అడవులకు వదిలారు. నేడక్కడ ఎక్కువగా కనిపించేవి కేంద్రాల్లో పొదిగించి పెంచిన డేగలే. అడవిజంతువుల వేటను యూఏఈ నిషేధించడంతో ఆ స్థానంలో పందేలొచ్చాయి. 400 మీటర్ల అవతల తిల్వా తిప్పుతుంటే డేగలు కేవలం 20 సెకన్లలోపే చేరుకుంటాయి! 2010లో యునెస్కో ఈ విద్యను మానవాళి వారసత్వంగా గుర్తించింది.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లను చూడ్డానికి వెళ్లేవారెవరైనా ముందుగా బుక్ చేసుకుంటే ఈ ఆస్పత్రిని చూడొచ్చు. దోహాలోని సూక్ వాకిఫ్ మార్కెట్లో డేగల దుకాణాలూ వాటికో ఆస్పత్రీ ఉన్నాయి. నవంబరు నుంచి మార్చి దాకా వాతావరణం చల్లగా ఉంటుంది. డేగలు ఎగిరేదీ అప్పుడే. ఎడారిలో పొద్దున్నే ఓ శిక్షకుడు గొంతెత్తి తన పక్షిని పేరుపెట్టి పిలవడం, నింగిలోని చుక్క కాస్తా రెక్కలుగా మారి అతని చేతిమీద వాలడం ఒక్కసారైనా చూడాలి!