సీసా మీద కాగితం గాట్లు

మా చిన్నప్పుడు కూచిపూడిలో జ్వరం వస్తే, సీసా కడిగి చేతికిచ్చి కాంపౌండరు గారి దగ్గరికి పంపేవారు. ఆయన అందులో ఎర్రటి మిక్చరు పోసి, గాట్లు కత్తిరించిన కాగితం ముక్కను బంకతో సీసాకి అంటించేవారు. గాటుకొక మోతాదు. చదువురాని మా నాయనమ్మ కూడా ఏ పూటకి ఎంత తాగించాలో ఆ గాట్లు చూసే చెప్పేది. సూది వేయాలంటే స్పిరిట్ స్టవ్ మీద నీళ్ళు మరిగేదాకా అరుగు మీద కూర్చోవాలి. పక్కింట్లో పిల్లలకి నాట్యం అడవులు నేర్పుతున్న తాళం చప్పుడు వినిపిస్తూ ఉండేది. డబ్బు అప్పుడే ఇవ్వనక్కర్లేదు. మాసూళ్ళయ్యాక ధాన్యం కొలిచిచ్చే ఇళ్ళు చాలా ఉండేవి.

అవి బంగారు రోజులని మాత్రం అనను. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువు నీళ్ళే దిక్కు. బిందెలో పటిక తిప్పి, తేరాక తాగేవాళ్ళం. విరేచనాలు, టైఫాయిడ్ ఏటా వచ్చేవి. కాన్పు కష్టమై, బందరు ధర్మాసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిన తల్లుల గురించి ఆడవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవారు.

కానీ ఒక సంగతి మరువలేను. మలేరియా వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి డీడీటీ కొట్టి, గోడ మీద తేదీ రాసి వెళ్ళేవారు. టీకాల వాళ్ళూ గుమ్మంలోకే వచ్చేవారు. మా పెద్దవాళ్ళలో స్ఫోటకం మచ్చల ముఖాలు ఎన్నో. మా తర్వాత పుట్టినవాళ్ళలో ఒక్కటీ లేదు. 1980లో ప్రపంచం నుంచే ఆ జబ్బు పోయిందని ప్రకటించారు. పైసా అడగకుండా గడప దాకా వచ్చిన వైద్యం సాధించిన పని అది.

తర్వాత కాలంలో మా బాబాయికి గుండెనొప్పి వస్తే బెజవాడలో ఒక కార్పొరేట్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ముందు అడ్వాన్సు కట్టమన్నారు. మాగాణి అర ఎకరం అమ్మితే గానీ బిల్లు తీరలేదు.

2007లో ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం మొదలై రాష్ట్రమంతా విస్తరించాక ఆపరేషన్ల భయం చాలా ఇళ్ళలో తగ్గింది. అది నిజంగా గొప్ప మేలు. మా ఊళ్ళోనే సిలికానాంధ్ర సంస్థ వారు విరాళాలతో కట్టిన సంజీవని ఆసుపత్రి 2018లో వచ్చింది. అయినా ఇళ్ళను నెలనెలా కొరుక్కు తినేది ఆపరేషన్ కాదు. బీపీ, షుగరు మాత్రలు, రక్తపరీక్షలు, బెజవాడకి బస్సు చార్జీలు, పోయిన కూలి. ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్ళ కోసం. బీపీ మాత్ర మింగి పొలానికి పోయేవాడి ఖర్చు చాలావరకు వాడి జేబులోదే. 2025 నాటికి ప్రభుత్వాలు ఆరోగ్యానికి జీడీపీలో 2.5 శాతం ఖర్చు చేయాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. గడువు వచ్చింది గానీ ఖర్చు అక్కడికి చేరలేదు.

ఓట్ల కోసం మీ గుమ్మం ఎక్కేవాళ్ళని కొత్త భవనాల గురించి అడగకండి. మన పీహెచ్‌సీలో షుగరు మాత్రలు ప్రతి నెలా ఉంటాయా, రక్తపరీక్ష అక్కడే చేస్తారా అని అడగండి.