నిలిచినవారికి నిలువ నీడ

జార్జియా రాష్ట్రంలోని ఫోర్సైత్ కౌంటీలో ఇప్పుడు మనవాళ్ళు బాగా స్థిరపడ్డారు. కమ్మింగ్‌లో మా అక్క కూతురింటి నుంచి సాయంత్రం నడకకు బయల్దేరితే గుంటూరు యాస, కరీంనగర్ యాస రెండూ చెవిన పడతాయి. అక్కడి నుంచి అట్లాంటా నడిబొడ్డుకు 40 మైళ్ళు. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన వీధి చూడాలన్నాను. "నేనూ కారులోంచి చూడటమే గానీ దిగి నడవలేదు పిన్నీ. ఇద్దరం కలిసి వెళ్దాం" అని సెలవు పెట్టి బయల్దేరింది.

మేం వెళ్తున్నది ఆబర్న్ అవెన్యూకి. కానీ ఆ వీధి కథ అర్థం కావాలంటే ముందు కమ్మింగ్ కథ తెలియాలి. 1912 సెప్టెంబరులో ఇక్కడ ఒక తెల్ల యువతి మీద దాడి జరిగి ఆమె చనిపోయింది. రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి గుంపు జైల్లోంచి లాక్కొచ్చి చంపింది. మరో ఇద్దరు టీనేజి కుర్రాళ్ళను ఉరితీశారు. ఆ తర్వాత రాత్రుళ్ళు గుర్రాల మీద తిరిగే ముఠాలు ఇళ్ళు తగలబెట్టి, తుపాకులు పేల్చి, కౌంటీలో ఉన్న సుమారు 1,100 మంది నల్లజాతీయులను తరిమేశాయి. పొలాలు అయినకాడికి అమ్ముకున్నవాళ్ళు కొందరు, ఉన్నపళంగా వదిలేసి పోయినవాళ్ళు కొందరు. 1987 జనవరిలో పౌరహక్కుల కార్యకర్త హోజియా విలియమ్స్ ఊరేగింపు తెస్తే రాళ్ళు పడ్డాయి. వారం తిరిగేసరికి దాదాపు 20,000 మంది మళ్ళీ వచ్చి నడిచారు.

జీఏ 400 రోడ్డు మీద కారు నడుపుతూ మా అమ్మాయి ఇదంతా విన్నది. "ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగు చూశాం, టాక్స్ చూశాం. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు పిన్నీ" అంది.

నార్త్ స్ప్రింగ్స్ దగ్గర కారు ఆపి మార్టా రైలెక్కాం. ఫైవ్ పాయింట్స్‌లో మారి కింగ్ మెమోరియల్ స్టేషన్లో దిగాం. స్టేషన్‌కి ఉత్తరాన ఒకప్పుడు గ్రేడీ హోమ్స్ అనే ప్రభుత్వ గృహ సముదాయం ఉండేది. ఇప్పుడక్కడ కొత్త అపార్ట్‌మెంట్లు. పేదలకు ఫెడరల్ డబ్బుతో ఇళ్ళు కట్టడం అమెరికాలో మొదలైందే ఈ నగరంలో: 1936లో తెరిచిన టెక్‌వుడ్ హోమ్స్‌తో, అదీ తెల్లవారికి మాత్రమే. 1996 ఒలింపిక్స్ ముందు దాన్ని కూల్చేశారు. 2011 నాటికి నగరంలో కుటుంబాల కోసం కట్టిన పెద్ద సముదాయాలేవీ మిగల్లేదు. ఖాళీ చేసినవాళ్ళకు అద్దె వోచర్లు ఇచ్చారు. ఆ వోచర్ తీసుకునే ఇంటి యజమాని దొరికిన చోటికే వాళ్ళు పోవాలి, అది ఎంత దూరమైనా.

ఎడ్జ్‌వుడ్ అవెన్యూలో 1924 నాటి మునిసిపల్ మార్కెట్‌లోకి వెళ్ళాం. లోపల కూరగాయలు, మాంసం, వేడివేడి భోజనం. జనం దీన్ని కర్బ్ మార్కెట్ అంటారు. ఒకప్పుడు లోపలి దుకాణాలు తెల్లవారివి; నల్లజాతి రైతులు బయట కాలిబాట అంచున కూర్చుని అమ్ముకోవాలి. ఆ అవమానం ఈ పేరులో ఇంకా ఉంది.

అక్కడి నుంచి ఆబర్న్‌కి నాలుగు అడుగులు. 1906 సెప్టెంబరులో అట్లాంటాలో తెల్ల గుంపులు నల్లజాతీయుల మీద పడి చంపాయి. ఆ మారణకాండ తర్వాత నల్లజాతి వ్యాపారులు నగర కేంద్రం విడిచి ఈ వీధిలో గుమిగూడారు. భయంతో చేరిన చోటే అర్ధ శతాబ్దంలో ఒక ఆర్థిక రాజధానిని కట్టుకున్నారు. బానిసగా పుట్టి, క్షురకుడిగా పైకొచ్చిన అలోంజో హెర్న్‌డన్ 1905లో పెట్టిన అట్లాంటా లైఫ్ బీమా సంస్థ ఇక్కడ ఎదిగింది. తెల్ల బ్యాంకులు అప్పు పుట్టనివ్వని రోజుల్లో, 1921లో సిటిజన్స్ ట్రస్ట్ బ్యాంకు వచ్చింది. 1928లో అట్లాంటా డైలీ వరల్డ్ పత్రిక, 1949లో దేశంలోనే నల్లజాతి యాజమాన్యంలో మొదటి రేడియో కేంద్రం డబ్ల్యూఈఆర్‌డీ వచ్చాయి. ఈ వీధికి స్వీట్ ఆబర్న్ అని పేరు పెట్టిన జాన్ వెస్లీ డాబ్స్ మనవడు మేనార్డ్ జాక్సనే 1973 ఎన్నికల్లో గెలిచి నగరానికి మొదటి నల్లజాతి మేయరయ్యాడు. 1956లో ఫార్చ్యూన్ పత్రిక దీన్ని ప్రపంచంలోకెల్లా సంపన్నమైన నల్లజాతి వీధి అని రాసింది.

అలాంటి వీధిలో ఇవాళ మూతపడిన షట్టర్లు, చెక్కలు కొట్టిన కిటికీలు చూసుకుంటూ నడిచాం. బిగ్ బెతెల్ చర్చి గోపురం దాటి కొంచెం తూర్పుకు పోతే చెవులు గింగురుమనే రొద. వీధికి అడ్డంగా నెత్తిమీద నుంచి పోతోంది డౌన్‌టౌన్ కనెక్టర్, ఐ-75, ఐ-85 కలిసే మహా రహదారి. 1950లు, 60లలో దీన్ని కట్టేటప్పుడు నగర వ్యాపార కేంద్రానికి గాయం కాకుండా గీసిన గీత ఈ పేట నడుం విరిచింది. ఇళ్ళు, కొట్లు పోయాయి. అటువాళ్ళకు ఇటు వచ్చే ఓపిక పోయింది. ఇదే కాలంలో కొంచెం ఉత్తరాన బటర్‌మిల్క్ బాటమ్ అనే పేదల పేటను మొత్తంగా చదును చేసి సివిక్ సెంటర్ కట్టారు. వేరు చేసే చట్టాలు కూలాక, స్తోమత ఉన్న నల్లజాతి కుటుంబాలు పశ్చిమాన కొత్త కాలనీలకు వెళ్ళిపోయాయి. అంతకు ముందే 1930లలో ఫెడరల్ గృహరుణ సంస్థ పటాల్లో ఈ పేటలకు ఎర్ర రంగు పూశారు. ఆ రంగున్న చోట ఇల్లు కొనడానికీ, బాగుచేసుకోవడానికీ అప్పు పుట్టడం గగనం. భూమి చవకైంది ఇలా. ఎవరో పట్టించుకోక పడిపోయిన విలువ కాదది, పట్టుబట్టి పడగొట్టిన విలువ.

కనెక్టర్ దాటగానే వీధి తేటపడింది. ఎబెనెజర్ బాప్టిస్ట్ చర్చి, నీళ్ళ మధ్య కింగ్, కొరెటా స్కాట్ కింగ్ దంపతుల సమాధి. సందర్శక కేంద్రం ముందు 1998లో పెట్టిన గాంధీ విగ్రహం. 1959లో భారతదేశానికి వెళ్ళినప్పుడు తిరువనంతపురంలో ఒక బడి ప్రధానోపాధ్యాయుడు తనను అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పిల్లలకు పరిచయం చేశాడని కింగ్ 1965 జులై 4న ఈ చర్చి ప్రసంగంలోనే చెప్పుకున్నారు. మొదట మనసు నొచ్చుకుందట. తన జనం నగరాల్లో బతుకుతున్న తీరు తలచుకున్నాక ఆ మాట నిజమేనని ఒప్పుకున్నారు. ఊరొకచోట, వాడొకచోట ఉండే మన పల్లెలు ఎరిగిన మనకు ఆ పోలిక వివరించక్కర్లేదు. ఎక్కడ ఉండాలో ఒకరు నిర్ణయించడం, మరొకరు లోబడటం. అధికారమంతా ఆ నిర్ణయంలోనే ఉంది.

501 నంబరు ఇల్లు, 1929 జనవరి 15న కింగ్ పుట్టిన రెండంతస్తుల చెక్క ఇల్లు, బయటి నుంచే చూశాం. చుట్టుపక్కల చక్కగా బాగుచేసిన పాత ఇళ్ళు. 1980లో కొరెటా స్కాట్ కింగ్ చొరవతో పుట్టిన హిస్టారిక్ డిస్ట్రిక్ట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఇక్కడ ఇళ్ళను బాగుచేసేటప్పుడు ఉన్నవాళ్ళను ఉండనిస్తూనే చేయాలని నియమం పెట్టుకుంది. అది సాధ్యమేననడానికి ఈ నాలుగు వీధులే సాక్ష్యం.

ఇంకొంచెం తూర్పున ఒక వరండాలో కూర్చున్న పెద్దాయన పలకరించాడు. ఎక్కడి నుంచి వచ్చామో అడిగి, మెట్ల మీద చోటు చూపించాడు. ఆ ఇల్లు వాళ్ళమ్మ కొన్నదట. "అప్పు తీరి చాలా ఏళ్ళయిందమ్మా. ఇప్పుడు ఈ ఇంటికి నేను అద్దె కడుతున్నట్టుంది, కౌంటీకి" అన్నాడు. ఇల్లు అమ్ముతారా అంటూ వచ్చే కార్డులు కట్టగట్టి బల్ల మీద పెట్టుకున్నాడు. ఫోన్లు కూడా రోజూ వస్తాయట.

ఆయన చెప్పిన లెక్క ఇది. జార్జియాలో ఇంటి మార్కెట్ విలువలో 40 శాతం మీద ఆస్తిపన్ను వేస్తారు. ఆ విలువ కట్టేది పక్కిళ్ళు ఎంతకు అమ్ముడయ్యాయో చూసి. పక్కన పాత ఇల్లు పడగొట్టి గాజు గోడల కొత్త ఇల్లు కట్టి అమ్మితే, పెన్షను మీద బతికే ఈయన ఇంటి విలువా కాగితం మీద పెరుగుతుంది. ఆదాయం పెరగదు. వృద్ధులకు మినహాయింపులు ఉన్నాయి గానీ వాటికి ఇల్లు తన పేరన ఉండాలి. వీలునామా రాయకుండా తల్లి పోతే ఇల్లు పిల్లలందరి ఉమ్మడి ఆస్తి. మినహాయింపుకూ, మరమ్మతు సాయానికీ అది అడ్డం. దూరంగా ఉన్న ఒక వాటాదారు దగ్గర బయటి కొనుగోలుదారు వాటా కొని, పంపకం కోసం కోర్టుకెక్కి, ఇల్లంతా అమ్మించవచ్చు. మన ఊళ్ళలో ఉమ్మడి ఆస్తి తగాదాలు చూసినవాళ్ళకు ఈ బాధ తెలుసు. 2012లో జార్జియా చేసిన చట్టం మిగతా వారసులకు ఆ వాటా ముందుగా కొనుక్కునే అవకాశం ఇచ్చింది. అందుకు చేతిలో డబ్బుండాలి. ఇక అద్దెకుండేవాళ్ళకు ఆ పాటి రక్షణ కూడా లేదు. నగరాలు అద్దె మీద పరిమితి పెట్టకుండా రాష్ట్ర చట్టమే నిషేధించింది.

ఇర్విన్ స్ట్రీట్ దగ్గర బెల్ట్‌లైన్ ఎక్కాం. నగరం చుట్టూ ఉన్న పాత రైలు దారులను 22 మైళ్ళ వలయంగా కలిపి, 45 పేటలను ముడివేసే బాట ఇది. 1999లో జార్జియా టెక్‌లో రయాన్ గ్రావెల్ రాసిన సిద్ధాంత వ్యాసంలోంచి పుట్టింది. 2012లో తెరిచిన ఈ తూర్పు బాట అందంగా ఉందని ఒప్పుకోవాలి. చెట్లు, గోడల మీద బొమ్మలు, సైకిళ్ళు, బండిలో పసిపిల్లలు. వాన నీరు నిలిచి మునిగే చోట 2011లో కట్టిన ఫోర్త్ వార్డ్ పార్కు చెరువు ఇప్పుడు ఆ నీటిని పడుతోంది. 1926 నాటి సియర్స్ గిడ్డంగి 2014 నుంచి పాన్స్ సిటీ మార్కెట్ అనే ఖరీదైన అంగడి. బాట పొడవునా బాల్కనీలున్న కొత్త అపార్ట్‌మెంట్లు. అరమైలు వెనక ఆబర్న్‌లో కనిపించిన ముఖాలు ఇక్కడ తక్కువ.

ఇది కాకతాళీయం కాదు. 2005లో బెల్ట్‌లైన్‌కి డబ్బు సమకూర్చిన పద్ధతే అలాంటిది. చుట్టూ భూముల విలువ పెరిగితే అదనంగా వచ్చే పన్ను ఈ ప్రాజెక్టుకు చేరుతుంది. అంటే ధరలు పెరగకపోతే బాట సాగదు. ధరలు పెరిగితే పాతవాళ్ళు సాగలేరు. ఈ చిక్కు తెలిసే 2030 నాటికి 5,600 అందుబాటు ఇళ్ళు కట్టాలని మొదట్లో లక్ష్యం పెట్టారు. ఆ పని వెనకబడిందని, సమానత్వం మీద శ్రద్ధ చాలడం లేదని 2016లో రయాన్ గ్రావెలే, నథానియల్ స్మిత్‌తో కలిసి బెల్ట్‌లైన్ పార్ట్‌నర్‌షిప్ బోర్డు నుంచి తప్పుకున్నాడు. బాట పక్కన కట్టే కొత్త అద్దె భవనాల్లో పదో వంతో ఆపైనో తక్కువ ఆదాయంవారికి కేటాయించాలన్న నిబంధన 2018లో గానీ రాలేదు. అప్పటికి తూర్పు వైపు చాలా భూమి చేతులు మారింది. 1990లో నగర జనాభాలో 67 శాతం ఉన్న నల్లజాతీయులు 2020 నాటికి 47 శాతానికి తగ్గారు.

మధ్యాహ్నం పశ్చిమాన వైన్ సిటీకి వెళ్ళాం. మెర్సిడెస్ బెంజ్ స్టేడియం 2017లో తెరిచారు. దాని కోసం స్థలం అమ్మి పక్కకు జరిగిన చర్చిల్లో 1862 నాటి ఫ్రెండ్‌షిప్ బాప్టిస్ట్ ఒకటి. 1881లో స్పెల్మన్ కాలేజీ మొదటి తరగతులు జరిగింది ఆ చర్చి నేలమాళిగలోనే. కింగ్ కుటుంబం 1965లో కొనుక్కున్న ఇల్లూ ఈ పేటలోదే. ఇక్కడ మాత్రం ఒక మేలు ముందుగా జరిగింది. స్టేడియం తెరిచిన ఏడాదే వెస్ట్‌సైడ్ ఫ్యూచర్ ఫండ్ అర్హులైన పాత ఇంటి యజమానులకు పెరిగిన ఆస్తిపన్ను తాను కట్టే పథకం పెట్టింది. నగరంలోనే అట్లాంటా ల్యాండ్ ట్రస్ట్ భూమిని తన దగ్గర ఉంచుకుని ఇల్లు మాత్రం అమ్ముతుంది. కొన్నవాళ్ళు తర్వాత అమ్మినా ధర హద్దు దాటదు.

అక్కడే మా అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. "పిన్నీ, మేం కూడా ఈ వైపు ఒక పాత ఇల్లు చూశాం. బాగుచేసి అద్దెకివ్వొచ్చని మా ఆయన అంటున్నారు. తప్పంటావా?"

ఇల్లు కొనడం తప్పనను. కానీ కొనేముందు ఆ ఇంట్లో ఎవరున్నారో, ఎందుకు అమ్ముతున్నారో, ఎంతకు అమ్ముతున్నారో అడిగి తెలుసుకోమన్నాను. పన్ను కట్టలేక ఎవరైనా కారుచవకగా తెగనమ్ముకుంటుంటే, ఆ ఇంటి మీద లాభం మనకు వద్దన్నాను. అద్దెకున్నవాళ్ళుంటే వాళ్ళను కదపకుండా, వాళ్ళు కట్టగల అద్దెకే ఇవ్వగలిగితేనే కొనమన్నాను. లెక్క కుదరకపోతే ఆ డబ్బు ఇంకెక్కడైనా పెట్టుకోవచ్చు.

పార్కులు, నీడ, వరద పట్టే చెరువులు ఈ పేటలవాళ్ళు తరాలుగా కోరుకున్నవే. అభివృద్ధి వాళ్ళకు శత్రువు కాదు. వరస తప్పడమే అన్యాయం. ముందు పన్నుకు హద్దు, ఇంటికి పక్కా పట్టా, కూలీ చేసుకునేవాళ్ళు కట్టగల అద్దె ఇళ్ళు. ఆ తర్వాతే బాట, దీపాలు. ఈ వరస రాతపూర్వకంగా, భూమి చవకగా ఉన్నప్పుడే రావాలి. ఫోర్సైత్‌లో తుపాకీతో, ఆబర్న్‌లో రహదారితో, ఇవాళ పన్ను నోటీసుతో. సాధనాలు వేరు, హింస తీవ్రత వేరు, కానీ ఇల్లు వదలాల్సి వచ్చింది ప్రతిసారీ ఒకే జనం. వీధికి విలువ తెచ్చింది ఎవరూ అప్పివ్వని రోజుల్లో అక్కడే నిలిచి చర్చినీ, బ్యాంకునూ, బడినీ నిలబెట్టినవాళ్ళు. ఆ విలువలో మొదటి వాటా వాళ్ళది, అక్కడే ఉండిపోయే హక్కుతో సహా.