గది ఎంత, ప్రాసెసర్ ఎంత

వంద డిగ్రీలంటే మనకు నీళ్ళు మరిగే వేడి. జ్వరం కొలిచేది ఫారెన్‌హీట్‌లో, అయినా అక్కడా వంద దాటితే ఇంట్లో కంగారే. అలాంటిది వేలు పెట్టి కొనుక్కున్న ప్రాసెసర్ పక్కన ఎర్ర అక్షరాల్లో 100 కనిపిస్తే ఎవరికైనా గుండె జారుతుంది.

మా పిన్ని కొడుకు విజయవాడలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. జనవరిలో విడిభాగాలన్నీ కొనుక్కొని తనే బిగించుకున్న కంప్యూటర్ మీద పని. మే నెల వచ్చేసరికి గంటలో అవ్వాల్సిన రెండర్ గంటన్నర పట్టడం మొదలైంది. చూస్తే ప్రాసెసర్ 100 దగ్గర ఉంది. షాపులో చూపిస్తే, "ప్రాసెసర్ పోయేలా ఉంది, మార్చెయ్యండి, పనిలో పని వాటర్ కూలింగ్ పెట్టించుకోండి" అన్నారట. రెండూ కలిపి నలభై వేల పైమాట. వాడికది రెండు పెళ్ళిళ్ళ సంపాదన. ముహూర్తాల సీజన్ మధ్యలో నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, కాలిపోతుందంటావా?" అన్నాడు.

ముందు ఆ భయం సంగతి చూడాలి. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్ళు, నడుస్తున్న ప్రాసెసర్ల మీంచి హీట్‌సింక్ పీకేస్తే ఏమవుతుందో వీడియో తీశారు. అప్పటి ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో పొగ కక్కి చచ్చిపోయింది. ఇంటెల్ పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకొని, నత్తనడక నడుస్తూ బతికింది. ఇవాళ మనం కొనే ప్రాసెసర్లన్నీ ఆ రెండో రకమే. మా వాడిది ఐ7-12700, దాని హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే అదే వేగం తగ్గించుకుంటుంది. ఎండలో మూట మోసే మనిషి చేసే పనే. ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌లో కొన్నిటినైతే పూర్తి పని మీద 95 దగ్గరే ఉండేలా తయారుచేశారు.

కాబట్టి కాలిపోదు. కానీ ప్రతి రెండర్‌కీ అరగంట పోతోంది, అవతల పెళ్ళివారు ఫోన్లు చేస్తున్నారు. వేడి ఎక్కడ చిక్కుకుందో పట్టుకోవాల్సిందే.

ఇలాంటప్పుడు అందరూ మొదట చెప్పేది థర్మల్ పేస్ట్ మార్చమని. నేను మాత్రం జనవరి నాటి ఫొటో పంపమన్నాను. కొత్త కంప్యూటర్ మురిపెంతో అప్పట్లో వాడు తీసిన ఫొటో ఒకటుంది. అందులో రెండర్ నడుస్తోంది, ప్రాసెసర్ 76. వెనక గోడ మీద ఉష్ణోగ్రత చూపించే డిజిటల్ గడియారం ఉంది. ఫొటోని పెద్దది చేసి చూస్తే గది 26.

ఇక మిగిలింది ఒకటో తరగతి లెక్క. 76లోంచి 26 తీసేస్తే 50. ఆ పని చేసేటప్పుడు ప్రాసెసర్ గది కంటే 50 డిగ్రీలు పైన ఉంటుంది. గాలితో చల్లబడినా నీళ్ళతో చల్లబడినా ఆ వేడి చివరికి వెళ్ళేది గదిలోకే కనుక, గది ఎంత పెరిగితే పైదీ దాదాపు అంత పెరుగుతుంది. వాడు ఫోన్ చేసిన మధ్యాహ్నం గది 38. రోళ్ళు పగిలే రోహిణీ కార్తె, ఆ గదికి ఏసీ లేదు. 38కి 50 కలిపితే 88 రావాలి, 100 వస్తోంది. అంటే పన్నెండు డిగ్రీలు ఎండ పద్దులో, ఇంకో పన్నెండు మరెవరి పద్దులోనో ఉన్నాయి. నిజానికి పన్నెండు కంటే ఎక్కువే. హద్దు తగిలి వేగం తగ్గించుకున్నాకే ఆ 100.

ప్రాసెసర్‌లో పుట్టిన వేడి ముందు పేస్ట్ దాటాలి, తర్వాత కూలర్ ఎక్కాలి, అక్కణ్ణుంచి క్యాబినెట్‌లోని గాలిలో కలవాలి, చివరికి గదిలోకి పోవాలి. ఏ మెట్టు దగ్గర ఆగుతోందో తెలియాలంటే ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. "ఒరేయ్, ముందు సైడ్ ప్యానెల్ తీసేసి అదే రెండర్ మళ్ళీ పెట్టు" అన్నాను. పావుగంటకి మెసేజ్: 90. ప్యానెల్ తీస్తే పేస్ట్ మారదు, కూలర్ మారదు. మారేది క్యాబినెట్ లోపలి గాలి ఒక్కటే. అంటే దోషం ప్రాసెసర్‌ది కాదు, పెట్టెకి ఊపిరాడటం లేదు.

వీడియో కాల్‌లో చూపించమన్నాను. ముందువైపు ఫిల్టర్ బందరు రోడ్డు దుమ్ముతో జంపఖానాలా తయారైంది. క్యాబినెట్‌ని బల్ల కింద అరలోకి గోడకి ఆనేలా తోశారు. పైన, వేడిగాలి బయటికి పోయే జాలీ మీద, మడత పెట్టిన పాత చీర ముక్క ఉంది. అది పిన్ని కప్పింది. టీవీ మీదా, మిక్సీ మీదా, కుట్టుమిషన్ మీదా ఎలా కప్పుతుందో అలాగే. ఖరీదైన వస్తువు, దుమ్ము పట్టకూడదని. ఆవిడ జాగ్రత్త అదే చోట గాలికి అడ్డమైంది. చీర ముక్క తీసి, ఫిల్టర్ కడిగి ఆరబెట్టి, పెట్టెని ఇవతలికి లాగి, ప్యానెల్ బిగించాక కూడా 90. గది 38. తేడా 52. మిగిలిన ఆ రెండు డిగ్రీల కోసం పేస్ట్ జోలికి వెళ్ళనక్కర్లేదు.

రెండర్ మళ్ళీ గంటకి వచ్చింది. షాపుకి నలభై వేలు కట్టక్కర్లేదు. వాడికి అక్కడితో అయిపోయింది గానీ, వెనకనుంచి పిన్ని గొంతు వినిపించింది: "అది నడిచినంత సేపూ గదిలో పొయ్యి పెట్టినట్టే ఉంటోంది రా."

ఆవిడ మాట అక్షరాలా నిజం. ఆ ప్రాసెసర్‌కి ఇంటెల్ చెప్పే బేస్ పవర్ 65 వాట్లు, టర్బోలో గరిష్ఠంగా 180. ఆ కరెంటంతా చివరికి వేడే అవుతుంది. ప్రాసెసర్ చల్లబడిందంటే వేడి మాయమైందని కాదు, మధ్యాహ్నం ఆ మంచం మీద పడుకునే మనిషి వైపు వచ్చిందని. వాటర్ కూలింగ్ పెట్టించినా ఇంతే.

అందుకని బయోస్‌లో పవర్ లిమిట్ 125 వాట్లకి తగ్గించమన్నాను. చిట్టచివరి వేగం కోసం వోల్టేజ్ బాగా పెంచాలి, వోల్టేజ్ పెరిగితే పవర్ దాని వర్గం లెక్కన పెరుగుతుంది. అందుకే వాట్లు మూడో వంతు దాకా కోసినా వేగం కొంచెమే తగ్గుతుంది. గంట పనికి నాలుగైదు నిమిషాలు ఎక్కువ పట్టింది. ప్రాసెసర్ 75కి దిగింది. గదిలోకి వచ్చే వేడి యాభై అయిదు వాట్లు తగ్గింది. నాలుగైదు నిమిషాలు ఆలస్యమైతే పెళ్ళివారు గమనించరు. పిన్ని మాత్రం గమనిస్తుంది.

ఈ తీసివేత నాకు వేరే చోట కూడా పనికొస్తోంది. పుస్తకాల గురించి అడపాదడపా రాస్తుంటాను. ఆఫీసులో ప్రొడక్షన్ గొడవతో రాత్రంతా మేలుకొని, మర్నాడు ఒక నవల చదివి "విసుగ్గా ఉంది" అని రాయబోతే, అందులో నవల వాటా ఎంత, నా గది వాటా ఎంత అని అడుగుతున్నాను. కొన్నిసార్లు గది తీసేశాక ఏమీ మిగలదు. కొన్నిసార్లు పన్నెండు డిగ్రీలు మిగులుతాయి, అప్పుడు ధైర్యంగా రాస్తాను.

చీర ముక్క ఇప్పటికీ ఉంది. కంప్యూటర్ ఆపేశాక వాడు పిలిస్తే పిన్ని వచ్చి కప్పుతుంది. వాడు నాకు పంపే మెసేజుల్లో ఇప్పుడు రెండు అంకెలుంటాయి. మొదట గది, తర్వాత ప్రాసెసర్. నిన్నటిది: "33, 70. వాన పడింది అన్నయ్యా."