బున్యుయెల్ సినిమాలూ, తాళం వెయ్యని తలుపులూ

సర్రియలిస్టు సినిమాలంటే ఇష్టం అని ఎవరితోనైనా అన్నామనుకోండి, రెండు రకాల స్పందనలొస్తాయి. ఒకటి, "అర్థం కానిదానికి అర్థమైనట్టు తలూపే బ్యాచ్చా నువ్వు?" అన్న చూపు. రెండోది, "ఆ కన్ను కోసే సినిమాయేగా, యూట్యూబ్‌లో చూశాలే" అన్న మాట. నాకు పేచీ ఈ రెండో వాళ్ళతోనే. లూయీస్ బున్యుయెల్ 1929 నుంచి 1977 దాకా, స్పెయిన్, మెక్సికో, ఫ్రాన్సుల్లో కలిపి ముప్ఫైకి పైగా సినిమాలు తీశాడు. వాటిలో ఒక్క షాట్ చూసి ఆయన ఇంతే అనుకోవడం, రజనీకాంత్ అంటే సిగరెట్ ఎగరేసేవాడేగా అన్నట్టుంటుంది.

ఆ కన్ను సినిమా పేరు 'అన్ షియాన్ ఆందాలూ' (1929). బున్యుయెల్, చిత్రకారుడు సాల్వడార్ డాలీ కలిసి రాసుకున్నారు. తర్కంతో వివరించడానికి వీలయ్యే ఏ దృశ్యమూ ఉండకూడదని ఇద్దరూ నియమం పెట్టుకున్నారు. డబ్బులు బున్యుయెల్ వాళ్ళమ్మ ఇచ్చింది. కోసింది దూడ కన్ను. మొదటి ఆటకి జనం గొడవ చేస్తే తిరిగి విసరడానికి జేబులో రాళ్ళు వేసుకుని తెర వెనక నిలబడ్డాడట, తీరా చూస్తే అందరూ చప్పట్లు కొట్టారు. కథలుగా చెప్పుకోడానికి ఇవన్నీ బానే ఉంటాయి గానీ, నిజం చెప్పాలంటే ఈ సినిమా మీద నాకు గౌరవమే తప్ప ప్రేమ లేదు. నాకు నచ్చే బున్యుయెల్ ఆ తర్వాత చాలా ఏళ్ళకి వచ్చాడు. ఆయన సినిమాల్లో కెమెరా చాలా మామూలుగా ఉంటుంది. పొగమంచు ఉండదు, గుండెలదరగొట్టే సంగీతం ఉండదు. మనుషులు మర్యాదగా మాట్లాడుకుంటూ ఉంటారు. వాళ్ళు పాటించే రూల్ ఒక్కటే తేడాగా ఉంటుంది, దాన్ని అక్కడెవరూ తేడా అనుకోరు.

నా లెక్కలో నంబర్ వన్ 'ది ఎక్స్‌టర్మినేటింగ్ ఏంజెల్' (1962). కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. ఆపెరా చూసొచ్చిన ధనవంతులు ఒక బంగళాలో విందు చేస్తారు. వంటవాళ్ళూ పనివాళ్ళూ ఎందుకో ఒక్కొక్కరే సాకులు చెప్పి ముందే జారుకుంటారు. విందయ్యాక అందరూ హాల్లో చేరతారు, ఒకావిడ పియానో వాయిస్తుంది. ఇక బయల్దేరాలి. ఎవరూ బయల్దేరరు. కోట్లు విప్పేసి సోఫాల మీదా నేల మీదా పడుకుంటారు. తెల్లారుతుంది. గుమ్మం దాకా నడిచొస్తారు, ఏదో గుర్తొచ్చినట్టు ఆగుతారు, వెనక్కి తిరిగి కబుర్లలో పడతారు. తలుపుకి తాళం లేదు, గుమ్మంలో కాపలా లేదు. రోజులు గడుస్తాయి. నీళ్ళ కోసం గోడ పగలగొట్టి పైపు కోస్తారు. పెద్దాయనొకడు చచ్చిపోతే శవాన్ని బీరువాలో పెడతారు. ఇంట్లో తిరుగుతున్న గొర్రెలు అటు వస్తే పట్టుకుని, ఫర్నిచర్ మంట మీద కాల్చుకు తింటారు. బయట పోలీసులూ జనమూ గుమిగూడతారు, వాళ్ళూ లోపలికి రాలేరు!

2020 లాక్‌డౌన్ రోజుల్లో చాలామంది ఈ సినిమాని గుర్తు చేసుకున్నారు. ఆ పోలిక నాకస్సలు నచ్చలేదు. మనకి బయట వైరస్ ఉంది, రోడ్డు మీద పోలీసులున్నారు, కారణం ఉంది. ఈ సినిమాలో భయమంతా కారణం లేకపోవడంలోనే ఉంది.

నిజమైన పోలిక కావాలంటే మన రాత్రి తొమ్మిదిన్నర కాల్ చూడండి. పాత ప్రాజెక్టులో మాకు రోజూ ఉండేది. పద్నాలుగు మంది. ఎజెండా పది నిమిషాల్లో అయిపోయేది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు, ఎవరూ డ్రాప్ అవ్వరు. ఒకరెవరో "సో..." అంటారు. మళ్ళీ నిశ్శబ్దం. క్లయింట్ కూడా డ్రాప్ అవ్వడు, బహుశా మేం ఉన్నామని :) పదిన్నరకి ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ వినిపిస్తే నాకు నేరుగా ఆ గొర్రెలే గుర్తొచ్చేవి.

ఇది నవ్వుకునే సంగతి. ఇంకోటుంది. మా పెద్దమ్మ కొడుకు 2011లో ఎమ్మెస్‌కని అమెరికా వెళ్ళాడు. రెండేళ్ళు ఉద్యోగం చేసి అప్పు తీర్చి వచ్చేస్తానన్నాడు. తర్వాత కారు లోను, ఇల్లు, గ్రీన్‌కార్డు క్యూ, పిల్లల బడి. ప్రతిసారీ "వచ్చే సమ్మర్‌కి చూద్దాంరా" అంటాడు. పెద్దమ్మ కాకినాడలో ఒక్కతే ఉంటుంది. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు జెట్‌లాగ్‌తో నిద్రపట్టక అర్ధరాత్రి నా లాప్‌టాప్‌లో ఇద్దరం ఈ సినిమా చూశాం. సగంలో విసుక్కుని, "వీళ్ళకేమైందిరా, నడిచెళ్ళిపోవచ్చుగా?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. వాడూ ఆపమనలేదు, చివరిదాకా చూశాడు.

వాళ్ళెలా బయటపడతారో చెప్పేస్తాను, తెలిసినా సినిమా చెడదు. మొదటి రాత్రి ఎవరెక్కడున్నారో మళ్ళీ అందరూ అక్కడే ఉన్నారని లెతీసియా అనే అతిథి గమనిస్తుంది. పియానో ఆఖరి స్వరాలూ, ఆ తర్వాతి మాటలూ మళ్ళీ చెప్పించి, అక్కణ్ణుంచి ఈసారి బయటికి నడిపిస్తుంది. పాత చెక్‌పాయింట్ నుంచి రీస్టార్ట్ చేసినట్టన్నమాట. బతికి బయటపడ్డందుకు చర్చిలో ప్రార్థన పెట్టుకుంటారు. ప్రార్థన అయ్యాక... వద్దులెండి, అది మీరే చూడండి. సినిమా మొదట్లో అతిథులు బంగళాలోకి వచ్చే సన్నివేశం రెండుసార్లొస్తుంది. ఎడిటింగ్ తప్పేమో అని కెమెరామన్ గాబ్రియెల్ ఫిగెరోవానే కంగారు పడ్డాడట. కావాలనే పెట్టాడు. ఇంత తీసిన మనిషి ఆత్మకథలో బాధపడింది దేనికనుకున్నారు? మెక్సికోలో బడ్జెట్ చాలక, భోజనాల బల్ల మీదకి మంచి రకం నాప్కిన్లు దొరకలేదని!

రెండోది 'ది ఫాంటమ్ ఆఫ్ లిబర్టీ' (1974). భోజనాల బల్ల చుట్టూ కుర్చీలకి బదులు కమోడ్లుంటాయి, అందరూ వాటి మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. ఒకడు సిగ్గుపడుతూ లేచి, పనిమనిషిని గుసగుసగా దారి అడిగి, చిన్న గదిలోకెళ్ళి గడియ పెట్టుకుని అన్నం తింటాడు. అందరూ చెప్పుకునే సీను ఇదే. నాకు మాత్రం తప్పిపోయిన పాప కథ ఎక్కువ. మీ పాప కనబడట్లేదని బడి నుంచి కబురొస్తే తల్లిదండ్రులు పరుగెత్తుతారు. పాప క్లాసులోనే ఉంటుంది. "అమ్మా, నేనిక్కడే ఉన్నా" అంటే, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో రాకూడదని నోరు మూయిస్తారు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునే అధికారి వివరాలు పాపనే అడుగుతాడు. వెతకాల్సిన పోలీసుని పిలిచి పాపని ఓసారి బాగా చూసుకోమంటాడు. ఎవ్వరూ నవ్వరు.

నాకూ మొదటిసారి నవ్వొచ్చింది. ఆ తర్వాత మా తాతయ్యతో ఒక ఆఫీసుకెళ్ళా. ఆయన రిటైర్డ్ టీచరు, బతికున్నట్టు ఏడాదికోసారి రుజువివ్వాలి. చాక్‌పీసుతోనో వయసుతోనో వేలి గీతలు అరిగిపోయాయి, ముద్ర పడట్లేదు. కౌంటర్లో ఉన్నామె స్క్రీన్ చూస్తూ నన్నడిగింది, "ఆయన ఉన్నారాండీ?" తాతయ్య ఎదురుగా కుర్చీలో కూర్చుని ఆమె ఇచ్చిన మంచినీళ్ళే తాగుతున్నారు. "ఉన్నానమ్మా" అన్నారు. "మీరున్నారు తాతగారూ, సిస్టమ్‌లో రావట్లేదు" అంది. ఆమె చెడ్డదేం కాదు, ఆమె చేతిలో ఏ బటనూ లేదు. మూడోసారి వెళ్ళినప్పుడు కంటిపాప స్కాన్‌తో పనైంది, ఈలోగా రెండు నెలల పెన్షన్ ఆగింది. ఆయన మందులు ఆ డబ్బుతోనే కొంటారు.

నాకు ఇబ్బందేంటంటే, అలాంటి స్క్రీన్లు రాసేది మనమే. నేను పనిచేసేది ఇన్సూరెన్స్ క్లెయిముల మీద. మా టేబుల్లో స్టేటస్ కాలమ్‌కి నాలుగే విలువలు. ఆ నాలుగింటిలో ఇమడని మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే మా సిస్టమ్ కూడా "అమ్మా, నేనిక్కడే ఉన్నా" అన్న పాపని కసిరినట్టే కసురుతుంది, కాకపోతే ఎర్ర అక్షరాల్లో. మనిషిని కళ్ళారా చూసిన ఉద్యోగి సంతకం పెట్టి ముందుకు పంపే దారి ఒకటుండాలని డిజైన్ రివ్యూలో అడిగా. మంచి పాయింట్ అన్నారు, ఫేజ్ టూలో పెట్టారు. ఫేజ్ టూ అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. ప్రతి స్ప్రింట్ ప్లానింగ్‌లోనూ దాన్ని మళ్ళీ పైకి లాగుతున్నా, వాళ్ళు మళ్ళీ కిందకి తోస్తున్నారు. చూద్దాం.

మిగతావి గబగబా చెప్పేస్తా. 'విరిదియానా' (1961) చివర్లో, సన్యాసం తీసుకోబోయి ఆగిపోయిన అమ్మాయి రాత్రివేళ బావ గది తలుపు తట్టి లోపలికెళ్తుంది అని రాసుకున్నాడు. స్పెయిన్ సెన్సార్ ఒప్పుకోలేదు. సరేనని, ఆ గదిలో బావ, పనిమనిషి, ఈ అమ్మాయి ముగ్గురూ కూర్చుని పేకాడుతున్నట్టు మార్చాడు. ఆ పేకాట అంతకంటే ఘోరంగా ఉంటుంది :) కాన్స్‌లో పామ్ డోర్ గెలిచింది, స్పెయిన్‌లో మాత్రం 1977 దాకా ఆడనివ్వలేదు. రివ్యూ కామెంట్‌కి ఇంతకంటే చక్కని ఫిక్స్ నేనెక్కడా చూడలేదు. ఆస్కార్ వచ్చిన 'ది డిస్క్రీట్ ఛార్మ్ ఆఫ్ ది బూర్జువాజీ' (1972)లో ఆరుగురు స్నేహితులు భోజనానికి కూర్చుంటారు గానీ సినిమా అంతా తినలేకపోతారు. బానే ఉంటుంది, కాకపోతే కలలో కల ట్రిక్కు ఒకట్రెండుసార్లు ఎక్కువైంది. ఆఖరి సినిమా 'దట్ అబ్‌స్క్యూర్ ఆబ్జెక్ట్ ఆఫ్ డిజైర్' (1977)లో ఒకే పాత్రని ఇద్దరు నటీమణులు వేస్తారు. మా రూమ్మేట్ గంటసేపు చూసి కూడా కనిపెట్టలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా? కన్ను సినిమాతో వద్దు. 'లోస్ ఓల్విదాదోస్' (1950) చూడండి. మెక్సికో సిటీ మురికివాడల పిల్లల కథ. పేదవాళ్ళంతా మంచివాళ్ళు అనే సినిమా కాదు, ఇందులో గుడ్డివాడు కూడా దుర్మార్గుడే. మెక్సికోలో కొన్ని రోజులకే హాల్లోంచి తీసేశారు. మరుసటేడాది కాన్స్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. అందులో పెద్రో అనే పిల్లాడికి ఒక కలొస్తుంది. అమ్మ మెల్లగా నడుచుకుంటూ వచ్చి పచ్చి మాంసం ముక్క చేతికిస్తుంది, మంచం కింద నుంచి ఇంకో చెయ్యొచ్చి లాక్కుంటుంది. ఆ కల నచ్చితే నేరుగా బంగళాకి రండి. వారం మధ్యలో కాకుండా శుక్రవారం రాత్రి చూడండి, కాల్ లేని శుక్రవారం దొరికితే.