ఉంగరాల జుట్టు

తెలుగుభాషలో తలవెండ్రుకలకు పేర్లు పెక్కు కలవు. కురులు, కుంతలములు, ముంగురులు, వేణి, జడ, కొప్పు - ఒక్కొక్క మాటకు ఒక్కొక్క సొగసు. వీనిలో నాకు మిక్కిలి ఇష్టమైన మాట 'అలకలు'. సంస్కృతమున అలకము అనగా వంకులు తిరిగిన ముంగురు. తెలుగున అలక అనగా కోపముతో మొగము ముడుచుకొని కూర్చుండుట. ఈ రెండు మాటలకును పుట్టుకలో చుట్టరికము లేదు. అయినను ఉంగరాల జుట్టు గల పిల్ల యున్న ఇంటిలో రెండును ఒకచోటనే కాపురము చేయుచుండును. ఆ సంగతి మా మనుమరాలివలన నాకు తెలిసినది.

ఆమె అప్పుడు ఏడవ తరగతిలో చేరబోవుచుండెను. పుట్టుకతోనే ఆమెది ఉంగరాల జుట్టు. వేసవి సెలవులలో పట్టణమున ఎవరో ఆ జుట్టును లేయర్లు అను పేర పైన పొట్టిగా, క్రింద పొడవుగా మెట్లు మెట్లుగా కత్తిరించిరి. తిన్నని జుట్టునకు ఆ మెట్లు అందము నిచ్చునేమో! ఉంగరాల జుట్టులో పైమెట్టు గొడుగువలె విచ్చుకొని నిలిచినది. జూన్ నెలలో బడి తెరచిరి. వానలును వచ్చినవి. తోడి పిల్లలు ఆమెను 'కాకిగూడు' అని పిలువసాగిరి. ఆమె ముందుబల్ల విడిచి వెనుకబల్లకు పోయినది. సమాధానము తెలిసినను చేయి ఎత్తుట మానినది. చిరకాలము బడిలో గడిపిన నాకు ఇది చిన్న విషయముగా తోచలేదు.

"తాతయ్యా, మందు పెట్టించి జుట్టు తిన్నగా చేయించుకుంటాను. లేకపోతే మొత్తం తీయించుకుంటాను" అని ఆమె అన్నది.

"ముందు నీ జుట్టు ఎటువంటిదో తెలుసుకుందామమ్మా. ఆ తరువాత నీ ఇష్టం" అంటిని.

వెండ్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో నిర్మితమైనది. సూక్ష్మదర్శినిలో దాని పైభాగము పెంకుటింటి కప్పువలె కనిపించును. చిన్న చిన్న పొలుసులు ఒకదానిపై నొకటి కప్పుకొని యుండును. తిన్నని వెండ్రుకను అడ్డముగా కోసి చూచిన ఇంచుమించు గుండ్రముగా నుండును. ఉంగరాల వెండ్రుక కోలగా నుండును. అది మొలచు కుదురే వంగి యుండును. తలచర్మమున ఊరు నూనె తిన్నని వెండ్రుక వెంట సులభముగా జారును. మెలికల వెండ్రుక చివరివరకు అది చేరజాలదు. అందుచేత చివరలు పొడిబారి పొలుసులు లేచును. గాలిలోని తేమ లోనికి చొచ్చి వెండ్రుక ఉబ్బును. వానకాలమున జుట్టు చింపిరిగా లేచుటకు కారణ మిదియే.

తేమకు సాగెడి ఈ గుణమే శాస్త్రమునకు ఉపకరించినది. జెనీవా నగరవాసియగు సొస్యూర్ అను శాస్త్రజ్ఞుడు గాలిలోని తేమను కొలుచు సాధనమును గూర్చి 1783లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆ సాధనమున ముఖ్యభాగము మనుష్యుని తలవెండ్రుకయే!

"నీ తలమీద ఉన్నది కాకిగూడు కాదు, తేమను కొలిచే యంత్రం" అంటిని. ఆమె నవ్వలేదు. కాని వినుట మానలేదు.

మందు ఉన్న వెండ్రుకను మాత్రమే మార్చును, కుదురును మార్చదు. క్రొత్తగా మొలచునవి మరల ఉంగరములే. ఈ మాట విన్న తరువాత ఆమె మందు కోరిక విడిచి, జుట్టు పెంచుకొనుటకు నిశ్చయించుకొన్నది.

మేము తడి జుట్టును సాగదీసి స్కేలుతో కొలిచితిమి. పైమెట్టు 15 సెంటీమీటర్లు, క్రిందిమెట్టు 30 సెంటీమీటర్లు. ఆరిన పిదప ఆ పైమెట్టే 9 సెంటీమీటర్లుగా కనిపించినది. "అయితే నా జుట్టు మరీ పొట్టిది కాదు, ముడుచుకుని ఉంది" అని ఆమె ఆశ్చర్యపడెను.

తలవెండ్రుకలు నెలకు ఇంచుమించు 1 సెంటీమీటరు పెరుగును. "రెండు మెట్లూ ఒకే వేగంతో పెరుగుతుంటే పైది క్రిందిదాన్ని ఎప్పుడు అందుకుంటుంది?" అని అడిగితిని. ఆమె వ్రేళ్ళు లెక్కించి, ఆలోచించి, "ఎప్పటికీ అందుకోదు" అన్నది. సమాధానము సరియైనది. పైది అందుకొనవలెనన్న క్రిందిది ఆగవలెను. మూడు నెలల కొకమారు క్రింది చివర 3 సెంటీమీటర్లు కత్తిరించిన అది 30 వద్దనే నిలుచును. పైది పదునైదు నెలలలో దానిని చేరును. పొడవు జడ కోరు పిల్లకు కత్తెర మాట చేదుగానే యుండును. కత్తిరించినంత మాత్రమున జుట్టు త్వరగా పెరుగదు. పెరుగుదల కుదురులోనిది. కాని చీలిన చివరలు తొలగును, మెట్ల ఎడము తగ్గును.

తలంటు పని ఆమె బామ్మది. ముందుగా కొబ్బరినూనె రాచి, పలుచని కుంకుడురసము కుదుళ్ళకు మాత్రమే పట్టించెడిది. నూరిన మందారాకు జిగురు చివరలకు పూసెడిది. ఆ జిగురునకు చిక్కులు జారును. తడి యుండగానే వెడల్పు పండ్ల దువ్వెనతో చివరినుండి క్రమముగా పైకి దువ్వవలెను. ఎండిన ఉంగరములను దువ్విన విడిపోయి లేచును. తువాలుతో రుద్దక మెత్తని నూలుగుడ్డతో అద్దవలెను. ఇందుకు నా పాత పంచె వినియోగపడెను. ఉద్యోగము విరమించిన పిదప నాకు దొరకని కొలువు నా పంచెకు దొరకినది! రాత్రివేళ వదులుగా జడ, బడికి పోవునప్పుడు పొట్టి ముంగురులకు రెండు పిన్నులు. ఇంతే వైద్యము.

ప్రతి నెల మొదటి ఆదివారము కొలిచి నోటుపుస్తకమున వ్రాసికొనెడివారము. ఒక నెల అద్దములో ఏ మార్పును కనిపించక ఆమె అలిగి కూర్చున్నది. సాగదీసి కొలువగా ఒక సెంటీమీటరు పెరిగియే యున్నది.

ఆ చలికాలమున తరగతిలో గాలిలోని తేమను గూర్చిన పాఠము వచ్చినదట. దానిని కొలుచు సాధనమును గూర్చి ఎవరికైన తెలియునా అని ఉపాధ్యాయిని అడిగినదట. వెనుకబల్లనుండి ఒక చేయి లేచినది. మా మనుమరాలు సొస్యూర్ కథ చెప్పి, తన ముంగురు నొకదానిని లాగి విడిచి చూపినదట. పిల్లలు నవ్విరి. ఆ నవ్వు వేరు. మరునాటినుండి ఆమె ముందుబల్లకు వచ్చినది.

పదవ నెలకు పైమెట్టు 25 సెంటీమీటర్లై జడలో ఇమిడినది. ఇప్పటికిని వాన పడిన నాడు నాలుగు ముంగురులు లేచి నిలుచును. ఆమె వానిని లెక్కచేయదు.

పిల్లలలో కొందరి పెరుగుదల తిన్నని జుట్టువలె చూచినంతనే తెలియును. మరికొందరిది ఉంగరముల వంటిది. వారును నెల నెలకు ఎదుగుచునే యుందురు, కాని ఆ ఎదుగుదల మెలికలలో దాగి యుండును. నొప్పి పుట్టకుండ మెల్లగా సాగదీసి చూచిన గాని వారి పొడవు తెలియదు. మీ ప్రక్కబల్లపై అటువంటివారెవరైన కూర్చున్న, పేరు పెట్టుటకు ముందు ఒకమారు కొలిచి చూడుడు.