నమూనా ముక్కకు పట్టు

నూజివీడు మామిడి సీమకు చెంది, 2022 నాటి జిల్లాల పునర్విభజనలో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన రెడ్డిగూడెం తోటల్లో, కాయను తొడిమతో కోసి సొన అంటకుండా దించే చిక్కపు కర్రకు మెరుగైన కత్తిని అమర్చాలంటే, ఆ కత్తిని పట్టి ఉంచే అల్యూమినియం ముక్కను ముందు ఒక్కటి చేయించి చూడాలి. అటువంటి పనికి మైలవరం మీదుగా విజయవాడ ఆటోనగర్ చేరి, సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రం దగ్గర కాసేపు నిలబడిన సందర్శకుడు, కోతకన్నా జాబ్‌ను బిగించి సరిచూసుకోవడానికే ఎక్కువ సమయం పోతుందని గమనిస్తాడు.

జాబ్, అంటే యంత్రం చెక్కే ముక్క, మూడు దిక్కులకు జరగగలదు, మూడు ఇరుసుల చుట్టూ తిరగగలదు. కింద మూడు, పక్కన రెండు, చివర ఒకటి చొప్పున ఆరు ఆనుడు బిందువులు ఈ కదలికలను అరికడితే, దాన్ని వాటికేసి నొక్కి ఉంచడం బిగింపు పని. మామూలు వైస్‌లో ఫిట్టర్ దీన్ని చేతితో, డయల్ గేజీ చూసుకుంటూ చేస్తాడు.

ఆ శ్రమను తప్పించేది జీరో పాయింట్ పద్ధతి: వైస్ అడుగున ఉన్న ఉక్కు బొడిపెలను యంత్రపు బల్లలోని స్ప్రింగులు పట్టి లాగుతాయి, సుమారు 6 బార్ గాలి పీడనం వాటిని విడిపిస్తుంది. పట్టు స్ప్రింగులది కాబట్టి కంప్రెసర్ ఆగినా వైస్ బల్ల నుంచి ఊడదు. జాబ్‌తో సహా దాన్ని కొలతకు తీసి మళ్లీ పెట్టినా 0.005 మి.మీ. లోపు తేడాతో అదే చోట కూర్చుంటుంది. ఆనుడు తలంలోని సన్నని రంధ్రం గుండా గాలి ఊదే ఏర్పాటు మరీ మెచ్చదగినది; వెంట్రుకంత రజను అడ్డుపడినా గాలి బయటికి జారి పీడనం పెరగదు, దాంతో యంత్రం కోత మొదలుపెట్టదు.

హైదరాబాదు బాలానగర్‌లో 1968లో ఏర్పడిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వంటి చోట్ల ఫిక్చర్ల, అంటే జాబ్‌ను పట్టి ఉంచే సాధనాల, రూపకల్పన బోధిస్తారు. అయితే ఒకే ముక్కకు ప్రత్యేక హైడ్రాలిక్ ఫిక్చర్ కట్టించడం దండగ. జీరో పాయింట్ మీద నిలిచే గాలి వైస్, అదే యంత్రం జాబ్ ఆకారానికి చెక్కుకునే మెత్తని దవడలు నమూనా పనికి చాలు. గాలి వైస్‌లో పట్టు బలాన్ని పీడనంతోనే తగ్గించవచ్చు, కత్తి పట్టు వంటి పలుచని ముక్కకు ఇది చాలా అవసరం. గట్టిగా బిగిస్తే దాని గోడ లోపలికి వంగి, ఆ వంపులోనే కోత సాగి, దవడలు విడవగానే గోడ వెనక్కి వచ్చి కొలత తప్పుతుంది. అందుకే చివరి కోతకు ముందు పీడనం తగ్గించి మళ్లీ బిగిస్తారు.